తాయమ్మ కాలూ, బేరింగు బండీ

చప్పుడు ఏదైనా సరే, తాయమ్మ ముందు అరచేతిని నేలకు ఆనిస్తుంది. లారీ పోయినా అంతే. మబ్బు ఉరిమినా అంతే. పక్కింట్లో రోకలిపోటు పడినా అంతే. కొంచెం పక్కకు వంగి, అయిదు వేళ్లూ విప్పి, చేతిని నేలమీద ఉంచుతుంది. ఒక్క ఊపిరి సేపు. తర్వాత కొంగుకు తుడుచుకుని మళ్లీ పనిలో పడుతుంది. ఏమిటని అడిగితే, "ఏమీ లే, మబ్బే," అంటుంది. లేకపోతే, "లారీ," అంటుంది. ఆ మాట అనేటప్పుడు ఆమె ముఖం తెరిపినపడుతుంది.

రాయల్పాడులో ఉన్నన్నాళ్లూ ఆమెకు ఈ అలవాటు లేదు. అక్కడ నేల నేలగానే ఉండేది. దున్నితే దున్నించుకునేది, రాగులు చల్లితే మొలిపించేది. గాలివానకు మామిడికాయలు దబదబ రాలితే పొద్దున లేచి ఏరుకోవడమే తప్ప ఆ చప్పుడుకు భయపడినవాళ్లు లేరు. మేనత్త కొడుకు ముత్యాలప్పను చేసుకుని బంగారు గనుల గోల్డుఫీల్డుకు వచ్చాకే, నేల కింద కూడా మనుషులు ఉంటారని ఆమెకు తెలిసింది.

వచ్చిన కొత్తలోనే ఒక మధ్యాహ్నం గూట్లోని ఇత్తడి చెంబు దానంతట అదే కదిలి కింద పడింది. వెదురు తట్టి గోడల మీది మట్టి రాలింది. బయట తలుపులు టపటపా తెరుచుకున్నాయి.

గనిలో చాలా లోతున, పైనున్న బరువును ఓర్చుకోలేక రాయి ఒక్కసారిగా పగులుతుంది. దాన్ని అక్కడ ఏర్ బ్లాస్టు అంటారు. పైన ఇళ్లు వణుకుతాయి. కింద ఎవరు మిగిలారో తెలియడానికి ఎంతోసేపు పడుతుంది. అంతవరకూ లైనులోని, అంటే గని కూలీల ఇళ్ల వరసలోని, ఆడవాళ్లందరూ ఎక్కడి పని అక్కడ వదిలి రోడ్డు మీదికి వస్తారు. గనిలోకి దిగే షాఫ్టు మీది పెద్ద చక్రం వైపు ముఖం పెట్టి నిలబడతారు. చక్రం తిరిగితే కేజి పెట్టె కదిలినట్టు, మనుషులు పైకి వస్తున్నట్టు. నిలబడినవాళ్లు కూర్చోరు. మాట్లాడరు. ఎవరూ తమ మొగుడి పేరు ఎత్తరు. ఆ కట్టుబాటు ఎవరు పెట్టారో తెలియదు. తప్పినవాళ్లు మాత్రం లేరు.

అత్త సొన్నమ్మ ఆ రోజు కోడలి చేయి పట్టుకుని నేలకు ఆనించింది.

"చూడు. మబ్బు ఉరిమితే పైన మోగుతుంది. బ్లాస్టయితే కింద్నుంచి చేతిలోకి వస్తుంది. చెవిని నమ్మొద్దు, చేతిని నమ్ము. ప్రతి చప్పుడుకూ సుమ్మనే రోడ్డు మీదికి పరిగెత్తితే గుండె అరిగిపోతుంది," అంది.

సొన్నమ్మ మొగుడు తెల్లదొరల కాలంలో కిందికి దిగి మళ్లీ పైకి రాలేదు. తర్వాత దొరలు పోయారు. కంపెనీ సర్కారుదైంది. బోర్డుల మీద పేర్లు మారాయి. రాయి మారలేదు. కొన్నేళ్లకు సొన్నమ్మ కూడా పోయింది. చేయి ఆనించే అలవాటు కోడలికి మిగిలింది.

ముత్యాలప్పది దుంగల పని. తవ్విన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టి బిగిస్తాడు. అదే జట్టులో అంజినప్ప ఉండేవాడు. ఒక బ్లాస్టులో అంజినప్ప రెండు కాళ్లూ మోకాళ్ల పైదాకా పోయాయి. ప్రాణం మిగిలింది, చేతులు మిగిలాయి, నోరూ మిగిలింది. నోరు పోయి కాళ్లు మిగిలి ఉంటే లైను నెమ్మదిగా ఉండేదని అతనే అనేవాడు.

ఆ తర్వాత అతను స్టవ్వులు బాగుచేయడం నేర్చుకున్నాడు. గొడుగులు, తాళాలు కూడా. చిన్న చెక్కబండి మీద కూర్చుని, చేతుల్లో రెండు కట్టెముక్కలు పట్టుకుని, నేలను వెనక్కి నెట్టుకుంటూ లైను లైనుకూ తిరిగేవాడు. బండికి ఉన్నవి కొయ్యచక్రాలు. గుంత వస్తే నిలిచిపోయేవి. ఎవరో ఒక ఆడమనిషి వచ్చి ఒక తోపు తోసేది. "తోసినందుకు నీ స్టవ్వుకు ఒక పూట నేనే గాలి కొట్టిస్తా పో," అనేవాడు.

ఒక ఏడు మిట్ట మీద, బంగారం తీసేసిన మట్టి పోసే సైనైడు దిబ్బ దగ్గర నుంచి, లైను మీదుగా పల్లంలోని బజారుదాకా రోడ్డుకు తారు వేశారు. నున్నటి రోడ్డును చూస్తూ ముత్యాలప్ప కొన్నాళ్లు ఊరకే ఉన్నాడు. తర్వాత గట్టి పలక ఒకటి తెచ్చి, కొలిచి కోసి, చిత్రిక పట్టాడు. వర్క్‌షాపు స్నేహితులు పారేసిన బేరింగుల్లో పెద్దవి నాలుగు ఏరి ఇచ్చారు. ఇరుసులు బిగించారు. పిల్లలు ఆడుకునే బేరింగు బండి లాంటిదే, కానీ బాగా పెద్దది, బాగా బరువు.

అంజినప్ప ఎక్కి కూర్చుని ఇటు ఊగాడు, అటు ఊగాడు.

"ఇదేందప్పా, లారీ చేసిపెడితివి. లైసెన్సు యాడ తీసుకునేది?" అన్నాడు.

ఆ సాయంత్రమే పాత బండిని పొయ్యిలో పెట్టాడు.

మరుసటి దినం ముత్యాలప్ప పొద్దుటి షిఫ్టుకు దిగాడు. పొద్దు బాగా ఎక్కింది. తాయమ్మ సంగటి కెలికి ముద్దలు చేస్తోంది. రెండు చేతులకూ వేడి సంగటి అంటుకుని ఉంది. అప్పుడు వినిపించింది ఆ చప్పుడు. లైనులో ఎవరూ అంతకుముందు వినని చప్పుడు. ఇనుము రాతిని నములుతున్నట్టు, నేల వెంట పాకుతూ, పెద్దదవుతూ వచ్చింది. గూట్లో గిన్నెలు సన్నగా మోగాయి.

చేతుల నిండా సంగటి. తాయమ్మ చేతిని నేలకు ఆనించలేదు. ఆ ఒక్కసారి చెవిని నమ్మింది.

పరిగెత్తి రోడ్డు మధ్యకు వచ్చింది. పక్కింటి లక్ష్మీదేవమ్మ తలకు సీకాయతో వచ్చింది. వీధి వీధంతా వచ్చింది. అందరి ముఖాలూ పల్లం వైపు, షాఫ్టు చక్రం వైపు. చక్రం నిలిచి ఉంది. తాయమ్మ దాన్నే చూస్తూ ఉంది. తిరగమని అడగలేదు. అడిగే ధైర్యం కూడా లేదు. కాళ్ల కింద నేల అదురుతోంది. వెనక నుంచి, మిట్ట వైపు నుంచి, ఎవరో అరుస్తున్నారు. సమాచారం తెచ్చినవాడు అరుస్తున్నాడనుకుంది. తిరిగి చూడలేదు. వినడం ఇష్టం లేదు.

"తప్పుకోండమ్మా! నిలవడం లే! తప్పుకోండి!"

మిగతావాళ్లు తప్పుకున్నారు. బండి తాయమ్మ ఎడమకాలి పిక్క కింద కొట్టింది. ఆమె వెనక్కి, అంజినప్ప మీదే పడింది. ఇద్దరూ బండి మీద కొంత దూరం పోయి, రోడ్డు పక్క మట్టిలో ఆగారు. అంజినప్ప ముఖమంతా సంగటి.

"ఎవురికి? ఎవురికి ఏమైంది?" అంది తాయమ్మ పడినచోటి నుంచే.

"నీకేనమ్మా అయింది," అన్నాడు అంజినప్ప. "నా బండి నిన్ను కొట్టేసింది. కట్టెతో అదిమి పట్టినా నిలవలే, చేతిలోంచి జారిపాయ."

"బండా?"

"బండే తాయమ్మా. కొత్త బండి. మీ ఆయప్ప చేసిచ్చినాడే, అది."

"బ్లాస్టు కాదా?"

"బ్లాస్టు యాడిది?"

తాయమ్మ అతని ముఖంలోకి చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. కాలు పాదం పైన ఉండకూడని చోట వంగి ఉంది. అది చూసి కూడా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. సంగటి చెంపలకంతా అయింది. చుట్టూ నిలబడిన ఆడవాళ్లకు సంగతి మెల్లగా అర్థమైంది. ఒకతి ఏడ్చింది. ఒకతి అంజినప్పను వీపు మీద చరిచింది. లక్ష్మీదేవమ్మ సీకాయ కళ్లల్లోకి కారుతుంటే ఒంటికన్నుతో అతన్ని చూసి అరిచింది.

"ఏమప్పా అంజినప్పా, నీకు లేవని మా కాళ్లు తీసుకోను వస్తివా? గుండె నిలిచిపాయ కదప్పా!"

"తాళి వదులక్కా," అన్నాడు అతను. "అట్ల లాగితే బ్లాస్టు లేకుండానే తెగిపోతుంది."

లక్ష్మీదేవమ్మ చేతిలోకి చూసుకుంది. తాళిని పిడికిట బిగించి ఉంది. వదిలింది.

గని ఆసుపత్రి పల్లంలోనే. తాయమ్మను ఎత్తుకుపోవడానికి మంచం తెస్తామన్నారు. "మంచం ఎందుకు, నన్ను దించి ఆయమ్మను దీని మీదనే తీసకపోండి," అన్నాడు అంజినప్ప. అతన్ని దించి రోడ్డు పక్కన కూర్చోబెట్టారు. తాయమ్మను బండి మీద కూర్చోబెట్టి, కాలికి రెండు కట్టెలు కట్టి, నలుగురు ముందు పట్టుకుని, నలుగురు వెనక పట్టుకుని నెమ్మదిగా దింపారు. ఆమె ఊరేగింపులో దేవతలా పోయింది. కాలు కదిలినప్పుడల్లా పళ్లు బిగించి, "బండే కదా," అంది. మళ్లీ అంది. అంజినప్ప మట్టిలో కూర్చుని ఆ వెళ్లడం చూస్తూ ఉన్నాడు.

ఎముక విరిగిందన్నారు. వేళ్ల నుంచి తొడదాకా పిండికట్టు వేశారు. "పుత్తూరుకు పోయుంటే ఆకుకట్టు కట్టి తొందరగా బాగుచేస్తుండ్రి," అని లక్ష్మీదేవమ్మ డాక్టరుకు వినపడేటట్టే అంది. డాక్టరు నవ్వి తాయమ్మను అడిగాడు.

"నొప్పి ఎలా ఉందమ్మా?"

"ఉండాది సామీ," అంది తాయమ్మ. "ఉండనీండి."

షిఫ్టు దిగి కేజిలోంచి బయటికి అడుగుపెట్టగానే ముత్యాలప్పకు ఎవరో చెప్పారు. మీ ఇంట్లో ఆయమ్మకు దెబ్బ తగిలింది, ఆసుపత్రిలో ఉండాది. అంతే చెప్పారు. అతను గని దీపం తిరిగి ఇవ్వడం మరిచి, టోపీ తీయడం మరిచి వచ్చాడు. ఒంటి మీద మట్టి ఎండుతోంది. తాయమ్మ మంచం దగ్గర నిలబడ్డాడు. ఆమె అతన్ని తలనుంచి పాదాలదాకా చూసింది. రెండు చేతులు, రెండు కాళ్లు. అన్నీ ఉన్నాయి. ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఎవరికి పెట్టిందో అతనికి తెలియలేదు.

బయటికి వచ్చినప్పుడు ఆసుపత్రి గుమ్మం పక్కన బండి కనిపించింది. తను కోసిన పలక. దాని మీద ఆరిన సంగటి. ముత్యాలప్ప దాన్ని భుజాన వేసుకుని ఇంటికి తెచ్చి మంచం కిందికి తోసేశాడు.

"మళ్లీ దీన్ని రోడ్డు మీద చూస్తే పొయ్యిలో పెడతా," అని ఎవరూ లేని ఇంట్లో అన్నాడు.

తాయమ్మ ఇంటికి వచ్చి ఆ మంచం మీదే పడుకుంది. బేతమంగళలో ఇచ్చిన కూతురు చిక్కమ్మ వచ్చి కొన్నాళ్లు ఉంది. తర్వాత, "పట్టుపురుగులు నాలుగో జ్వరానికి వచ్చినాయమ్మా, పోవల్ల," అంది. ఆ పొర విడిచే నిద్ర నుంచి పురుగు కూటికి లేచే వేళకు ఆకు వేసే చేయి ఉండాలి. తాయమ్మ పొమ్మంది. ఆ దినం నుంచి లైను ఆమెకు వంతులవారీగా అన్నం పెట్టింది. ఒక ఇంటి నుంచి సంగటి వస్తే ఇంకో ఇంటి నుంచి ఉలవచారు వచ్చేది. ఒకతి తల దువ్వేది. ఒకతి నీళ్లు మోసేది. ఇన్నేళ్లలో అంతమంది చేతి వంట ఆమె తినలేదు. కాలు సలిపినప్పుడల్లా, దానితో పాటే ఆ రోడ్డు, ఆ మాట గుర్తొచ్చేవి. బండే. అప్పుడు సలుపు కూడా తనకు కావలసినవాళ్లు వచ్చి పలకరించినట్టు ఉండేది.

ఒకటే ఇబ్బంది. లారీ పోతే మంచం మీద నుంచి చేయి కిందికి వేసేది. నేల అందేలోగా బండి పలక తగిలేది. చల్లగా, నున్నగా ఉండేది.

అంజినప్ప ఎక్కడా కనిపించడం లేదు. పాత బండిని కాల్చుకున్నాడు, కొత్తది ఇక్కడ ఉంది. ఆ దినం ఎవరో ఎత్తుకుపోయి దింపినప్పటి నుంచి మిట్ట మీది తన ఇంటి గడపలోనే కూర్చుని ఉంటాడట. బండి కోసం మనిషిని పంపలేదు. అడగడానికి నోరు రాలేదేమో. ఆ నోటికి కూడా.

"రాకుంటే పోనీలే," అంది ఒక పూట లక్ష్మీదేవమ్మ, చారు గిన్నె దించి. "నీ కాలు ఒకటే కాదు తాయీ. ఆ చప్పుడు దినామూ వింటా ఉంటే మేమంతా ఏమైపోవల్ల? గడపలోనే కూర్చోనీ. స్టవ్వులు అక్కడికే ఎత్తకపోతాము."

"పోయినావా అక్కా?"

"ఇంగా పోలే."

"ఎవురన్నా పోయినారా?"

లక్ష్మీదేవమ్మ కొంగుతో గిన్నె అంచు తుడిచింది. మిట్ట ఎక్కి స్టవ్వు మోసుకుపోయేవాళ్లు ఎవరు? బజారులో ఇంకో మనిషి ఉన్నాడు. అందరూ అక్కడికే పోతున్నారు. తాయమ్మకు అది తెలుసు. చారు బాగుంది. కానీ ఆ పూట ఆమె సగమే తాగింది. తనకు ఇంతమంది ఇన్ని చేస్తున్నారు. తనను ఆసుపత్రికి మోసిన బండి మాత్రం తన వీపు కింద ఖైదులో ఉంది. దాని మనిషి గడపలో ఉన్నాడు.

ఆ సాయంత్రం ముత్యాలప్ప స్నానం చేసి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"బండి ఇచ్చేయ్ బావా," అంది.

"ఇయ్యను."

"దాని తప్పేముండాది? రోడ్డు మధ్యలో నిలబడింది నేను. అరస్తా ఉంటే తిరిగి చూడనిది నేను."

"నేను కోసిన పలక అది. నా చేత్తో చేసి నీ కాలు విరగ్గొట్టినట్లుండాది నాకు."

"నువ్వు చేసింది బండి. నా కాలును పగదానిగా చూసి చేసినావా ఏమి?"

అతను నవ్వలేదు. కట్టు మీద వేలితో గీస్తూ ఉండిపోయాడు.

"నీకు తెలీదు," అన్నాడు చివరికి. "పైకొస్తానే చెప్పినారు. దెబ్బ తగిలింది అని. ఎంత తగిలింది, ఉండాదా పోయిందా, ఎవురూ చెప్పలే. షాఫ్టు నుంచి ఆసుపత్రిదంకా నడిస్తిని. అంతే దూరం. ఆ దారి ఎట్లుండాదో నీకు తెలీదు."

తాయమ్మ తల అతని వైపు తిప్పింది.

"నాకు తెలీదా బావా?" అంది.

ముత్యాలప్ప వేలు ఆగిపోయింది. తానన్న మాట అప్పుడు అతనికి వినిపించింది.

"ఇన్నేండ్లుగా దిగుతా ఉండావు," అంది తాయమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. "పొద్దున నీ టోపీ, నీ బూట్లు నేనే తెచ్చి ముందర పెడతా. ఒక్క పొద్దన్నా మంచం కింద దాచినానా? దాచను తెలీకనా? పనికి పోయే మనిషిని పోనియ్యల్ల. దేవుడు ఇంతవరకు నిన్ను పైకి పంపిస్తా ఉండాడు. ఆ పొద్దు కూడా పంపించినాడు. నాకు ఒక కాలు విరిగితే ఏమి, అదీ అతుక్కుంటా ఉండాది. అంజినప్పన్నకు ఏది అతుక్కుంటుంది చెప్పు?"

ముత్యాలప్ప లేచాడు. వంగి, మంచం కింది నుంచి బండిని లాగాడు. ఎండిన సంగటిని గోటితో గీకాడు. తడిగుడ్డతో తుడిచాడు. ఇరుసులకు నూనె వేసి, ఒక్కొక్క చక్రాన్నీ తిప్పి చూశాడు. ఒక పాత లారీ టైరు ముక్క వెతికి, అంజినప్ప చేతికట్టెల కొలతకు రెండు ముక్కలు కోసి జేబులో పెట్టుకున్నాడు. కట్టెల అడుగున కొడితే ఇక జారవు. తర్వాత బండిని భుజాన పెట్టుకుని మిట్ట ఎక్కాడు. తాయమ్మ మంచం మీద నుంచి అతని వీపును చూసింది, మలుపు తిరిగేదాకా.

దీపాలు పెట్టే వేళకు తిరిగి వచ్చాడు.

"తీసుకున్నాడా?"

"తీసుకున్నాడు. టైరు ముక్కలు కొట్టిచ్చినా. నీ కాలు ఎట్లుండాదని అడిగినాడు."

"రేపు వస్తానన్నాడా?"

"లే. ఆ రోడ్డులోకి మాత్రం నేను రాను ముత్యాలప్పా, అన్నాడు. ఆడోళ్ల మొగాలు చూడలేనన్నాడు. ఇంట్లోనే అటూ ఇటూ తిరుగుతాడంట దాని మీద."

ఇంట్లో ఎంత చోటు ఉంటుందో తాయమ్మకు తెలుసు. అన్ని ఇళ్లూ ఒకటే కొలత.

మరుసటి పొద్దున ఆమె మొగుడికంటే ముందు మేలుకుంది. గోడ పట్టుకుని, పిండికట్టు కాలును ఈడ్చుకుంటూ గడపదాకా పోయి కూర్చుంది. పక్కింటి వైపు తిరిగి పిలిచింది.

"లక్ష్మీదేవక్కా! నీ స్టవ్వు ఇట్లియ్యి."

లక్ష్మీదేవమ్మ స్టవ్వు పట్టుకుని వచ్చింది. "ఎందుకు? నీకు కాఫీ నేను తెస్తా కదా."

"అంజినప్పన్నకు చూపించేదానికి."

"బాగుండాది కదే! నిన్ననే బజారులో పిన్ను వేయించుకోనొస్తిని!"

"ఆయప్ప చూస్తే ఇంగా బాగుంటుంది. ఇయ్యి."

లక్ష్మీదేవమ్మ స్టవ్వును వదల్లేదు. తాయమ్మ కూడా వదల్లేదు. ఇద్దరూ దాన్ని చెరో పక్క పట్టుకుని కాసేపు ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత లక్ష్మీదేవమ్మ, "నీకు కాలు విరగలే, బుద్ధి విరిగింది," అని స్టవ్వును ఆమె ఒళ్లో పెట్టి, తను కూడా పక్కనే కూర్చుంది.

ముత్యాలప్ప బూట్లు వేసుకుని బయటికి వచ్చాడు.

"పోతా పోతా అంజినప్పన్నతో చెప్పు," అంది తాయమ్మ. "లక్ష్మీదేవక్క స్టవ్వు మండడం లేదని. పిల్లోళ్లకు కాఫీ కూడా లేదని."

"పిల్లోళ్లకు కాఫీ లేదంట," అని గొణిగింది లక్ష్మీదేవమ్మ. "అబద్ధానికి ఒక అంతు ఉండల్ల."

షాఫ్టు పల్లంలో ఉంది. పల్లానికి పోవలసిన ముత్యాలప్ప ముందు మిట్టకు నడిచాడు. కొంచెంసేపటికి దిగి వచ్చి, వాళ్లను దాటుతూ తల ఊపి, పనికి వెళ్లిపోయాడు.

ఎండ రోడ్డు మీదికి వచ్చింది. తాయమ్మ స్టవ్వు ఒళ్లో పెట్టుకుని మిట్ట వైపు చూస్తూ ఉంది. పిండికట్టు కాలు ముందుకు చాపుకుని ఉంది. అది గడప దాటి, మెట్టు దాటి, మడమ తారుదాకా వచ్చింది.

అప్పుడు మొదలైంది. ఇనుము నేల వెంట పాకుతూ దిగుతోంది. తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్లు గడపల్లోకి వచ్చారు. ఎవరూ రోడ్డు మీదికి దిగలేదు. మలుపులో అంజినప్ప తల కనిపించింది. రెండు చేతుల కట్టెలనూ నేలకు అదిమి పట్టి, బండి కంటే నడిచే మనిషే ముందు వస్తాడన్నంత నెమ్మదిగా వస్తున్నాడు.

"రా అన్నా, రా!" అని కేక వేసింది తాయమ్మ. వేస్తూనే, రెండు చేతులా తొడ పట్టుకుని, కట్టు కాలును కొంచెం లోపలికి తీసుకుంది.